కొక్కెం వేయనివాడు

ప్రియమైన బావమరిదికి,

ప్రియమైన అని రాయడం ఉత్తరానికి మర్యాద కాబట్టి రాశాను. మనసులో ఉన్న మాట కాదు.

నా కొడుకు ఫోటోని మీ రిఫైనరీ గేటు పక్క సేఫ్టీ గదిలో గోడకి తగిలించి పద్నాలుగేళ్ళయింది. కొత్తగా పనిలో చేరిన ప్రతివాడినీ దాని ముందు కూర్చోబెట్టి, "వీడు బెల్టు తాడు కొక్కెం వేయనివాడు, అందుకే పైనుంచి పడ్డాడు, మీరు వేసుకోండి" అని పాఠం చెబుతున్నావు. సొంత మేనమామవి. వాడిని ఎత్తుకు తిప్పిన చేత్తోనే బెత్తం పట్టుకుని వాడి మొహం చూపిస్తున్నావు. మొన్న బస్సులో నా ముందు సీట్లో మీ రిఫైనరీ టోపీ పెట్టుకున్నవాడొకడు పక్కవాడితో అంటున్నాడు, "చూసుకోరా, లేకపోతే ఉడతవైపోతావు" అని. ఉడత ఎవరో వాడికి తెలియదు. వెనక కూర్చున్నది ఉడత తండ్రి అని అంతకంటే తెలియదు. ఇద్దరూ నవ్వుకున్నారు. నేను దిగాల్సిన చోటుకంటే ముందే దిగి నడిచి ఇల్లు చేరాను.

ఆ పేరు పెట్టింది కూడా నువ్వే. నిలబడటం రాకముందే కిటికీ ఊచలు పట్టుకు పాకేవాడని.

ఇన్నేళ్ళూ నేను నోరు మూసుకున్నది మీ అక్క కోసం. తమ్ముడి మీద ఈగ వాలనిచ్చేది కాదు. నీ మాట ఎత్తితే చాలు, లేచి వంటింట్లోకి పోయేది. ఇప్పుడు ఆవిడ పోయి ఏడాది కావస్తోంది. నన్ను ఆపేవాళ్ళు ఇక లేరు.

ఫోను చేయొచ్చు కదా అంటావు. ఫోనులో నీ గొంతు వింటే తిట్టి పెట్టేస్తాను, పని జరగదు. నా అక్షరాలు లారీల వెనక రాతలు చూసి నేర్చుకున్నవి. కూడబలుక్కుని చదువుకో.

మన పాత వెల్డరు కనబడ్డాడు. మిగులు గ్యాసు కాల్చే ఆ మంటగొట్టం, మనం బతుకంతా ఎక్కి దిగిన గొట్టం, ఆర్పేశారట కదా. కోసి దించేస్తారట కదా. దించే ముందు రేకు ఎక్కడెక్కడ పలచబడిందో చూడటానికి ఒక యంత్రాన్ని తెచ్చారట. బల్లిలా ఇనుముని కరుచుకుని పాకుతుందట, దానికి కన్ను కూడా ఉందట. మావాడు పడ్డాక మనిషన్నవాడిని పై మెట్లకి పోనివ్వలేదు మీరు. నేల మీద నిలబడి దుర్భిణీ పెట్టి చూసి సంతకాలు చేశారు. అంటే వాడు చివరిసారి నిలబడ్డ చోటుకి ఆ తర్వాత ఎవరూ పోలేదు. ఇప్పుడు ఇది పోతుంది.

నా కొడుకు కొక్కెం వేశాడు. కొక్కెం వేయకుండా వాడు పైన తుమ్మను కూడా తుమ్మడు. వాడిని తయారుచేసింది నేను. మొదటిసారి ఎక్కినరోజు నా నడుమునున్న బెల్టు విప్పి వాడి నడుముకి కట్టాను, మా నాన్న నాకు కట్టినట్టే. స్టోరువాళ్ళిచ్చే కొత్త బెల్టు ఏ ఎత్తూ చూసి ఎరగదు, దిగొచ్చిన బెల్టుకే దారి తెలుసు. ఇది ఎక్కేవాళ్ళ మాట, నేల మీద నిలబడి కాగితాలు రాసేవాడికి అర్థం కాదు. రెయిలింగే తుప్పు పట్టి ఊడి ఉంటుంది. తప్పు కంపెనీ మీద పడకుండా నువ్వు రిపోర్టులో నా కొడుకు మీద రాశావు.

గొట్టం కొసన పై అరుగు దగ్గర, ట్యాంకుల వైపు రెయిలింగు. అటు ఆ యంత్రం కన్ను తిప్పించు. ఉన్నది ఉన్నట్టు రాయి. నేను అడిగేది అంతే.

ఇట్లు,
నీ అక్క మొగుడు


ప్రియమైన బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. మళ్ళీ మళ్ళీ చదివాను, అక్షరాలు అర్థం కాక కాదు.

యంత్రం సంగతి నిజమే. పెద్ద సూట్‌కేసంత ఉంటుంది, చక్రాలు అయస్కాంతాలు. అందరూ తాబేలు అంటున్నారు. మీరు సుత్తితో గొట్టాన్ని కొట్టి చెవి ఆనించి, "ఇక్కడ పుచ్చింది" అనేవారే, ఇదీ అదే పని చేస్తుంది. రేకులోకి శబ్దం పంపి, అది తిరిగి వచ్చేదాన్నిబట్టి మందం చెబుతుంది. ఒక అమ్మాయి కింద టెంటులో కూర్చుని నడుపుతుంది. ఆ తాబేలుకి ఎండ లేదు, దాహం లేదు, సాయంత్రం వాకిట్లో నిలబడి ఎదురుచూసే అమ్మ లేదు. అందుకే దాన్ని తెప్పించమని పైవాళ్ళ కాళ్ళావేళ్ళా పడి ఇన్నేళ్ళకి సాధించాను.

మీరు అడిగినది మాత్రం కుదరదు. అది గొట్టం మీదే పాకుతుంది, అరుగు మీదికి ఎక్కలేదు. ఎక్కినా అక్కడ ఏముంటుంది బావగారూ. అన్నేళ్ళు మంట పక్కన ఉన్న చోటు. పక్షి కూడా వాలేది కాదు.

ఆ ఫోటో గురించి రాశారు. మీ కోపం నాకు తెలియంది కాదు. కానీ ఒక్క మాట వినండి. ఆ గదిలో కూర్చుని లేచినవాడు ఒక్కడూ ఇంతవరకూ కొక్కెం మరిచిపోలేదు. మనవాడి మొహం చూసి ఎంతమంది తల్లుల కొడుకులు సాయంత్రానికి ఇళ్ళకి చేరారో మీరు లెక్క వేసుకోండి. వచ్చే నెలతో నా ఉద్యోగం అయిపోతుంది. వచ్చేటప్పుడు ఆ ఫోటో తీసి నాతో తెచ్చుకుంటాను. గొట్టమూ ఉండదు, ఫోటో ఉండదు. ఇక దాన్ని అక్కడితో వదిలేద్దాం.

మోకాళ్ళు ఎలా ఉన్నాయి? కంటి పొర తీయించుకోమని అక్క పోరుతూ పోరుతూనే పోయింది. ఇప్పటికైనా తీయించుకోండి. మా ఇంటికి వచ్చేయండి, కింద గది ఖాళీగానే ఉంది. మెట్లు లేని ఇల్లు మీకు ఇల్లులా అనిపించదని తెలుసు. కావాలంటే గోడకి ఒక నిచ్చెన ఆనించి పెడతాను.

ఇట్లు,
మీ బావమరిది


ప్రియమైన బావమరిదికి,

మోకాళ్ళ గురించి అడిగావు. ఉన్నాయి. రెండూ ఉన్నాయి. తాబేలుకి చక్రం అరిగితే కొత్తది బిగిస్తారు, నాకు నూనె రాసుకోమన్నారు.

నిచ్చెన హాస్యం నీ దగ్గరే పెట్టుకో. నేను అడిగింది గది కాదు. అరుగు మీదికి ఎక్కించమనలేదు, అటు కన్ను తిప్పించమని రాశాను. కోతికి కొబ్బరికాయ దొరికినట్టు నీకు మాటలు దొరికాయి, వాటిని అటు దొర్లించి ఇటు దొర్లించి అసలు సంగతి పక్కకి తోశావు. పైన ఏమీ లేదని చూడకుండానే నీకెలా తెలిసింది?

ఇంకొకటి కూడా ఉంది, ఎప్పుడూ అడగలేదు. వాడిని మట్టిచేసి మేమింకా ముద్ద నోట పెట్టుకోకముందే, ఎక్కేవాళ్ళందరి పాత బెల్టులూ స్టోరు ముందు కుప్ప పోయించావు. గ్రైండరు పెట్టి ముక్కలుముక్కలు కోయించావు. ముసలి పెయింటరు తన బెల్టు ముక్క ఒకటి ఏరుకుంటే అది కూడా లాక్కున్నావని చెప్పారు. ఏం చేశాయిరా అవి నిన్ను? తాతల నాటి బెల్టులు. వాడి నడుము మీద చివరిదాకా ఉన్న బెల్టు కూడా ఆ కుప్పలోనే పోయుంటుంది. మా నాన్నది. కొక్కెం దగ్గర తాడు మీద ఆయన రాగి తీగ ఒక వరస చుట్టాడు, దాని మీద నేను ఇంకో వరస చుట్టాను. అలాంటి చుట్టు ఏ స్టోరులో దొరుకుతుంది? అది ఒక మనిషి చెయ్యి. దాన్ని గ్రైండరు కింద పెట్టడానికి నీకు చేతులెలా వచ్చాయి?

ఇంటి సంగతి. పెరట్లో దండెం మొన్న గాలికి తెగింది. మళ్ళీ కట్టాను. కట్టి, ఆవిడ వచ్చి విప్పుతుందని కాసేపు అక్కడే నిలబడ్డాను. నవ్వుకో. వాడు పోయాక మీ అక్కకి అదొక పిచ్చి పట్టింది. నేను ఏ ముడి వేసినా విప్పి తను మళ్ళీ వేసేది. దండెం గానీ, బియ్యం సంచి మూతి గానీ, ఆఖరికి నా బూటు లేసు గానీ. "బతుకంతా తాడు మీద వేలాడినవాణ్ణి, నా ముడికే వంక పెడతావా" అని అరిచేవాడిని. విప్పేది, వేసుకునేది, పోయేది. ఇప్పుడు నా ముడి నేను వేసింది వేసినట్టే ఉంది. దాని మీద తడి బట్ట ఆరేయాలంటే మనసు రావడం లేదు.

సరే. నువ్వు చూపిస్తావా, నేను రానా?

ఇట్లు,
మీ అక్క మొగుడు


ప్రియమైన బావగారికి,

తొందరలో రాస్తున్నాను. మీ మాట తీసెయ్యలేక తాబేలు కన్ను అటు తిప్పించాను. నేనే దగ్గరుండి చూశాను. రెయిలింగు ఊడలేదు, గట్టిగానే ఉంది. దాని మీద ఏమీ లేదు. తుప్పు తప్ప ఏమీ లేదు.

దయచేసి రాకండి. గేటులో ఇప్పుడు పాతవాళ్ళు లేరు, మిమ్మల్ని ఎండలో నిలబెడతారు. క్రేను వచ్చే సోమవారం కాక ఆపై సోమవారం వస్తుంది. అది అయిపోనివ్వండి. నేనే మీ దగ్గరికి వచ్చి నాలుగు రోజులు ఉంటాను.

ఇట్లు,
మీ బావమరిది


బావమరిదికి,

వచ్చాను.

గేటులో పాతవాళ్ళు లేరని రాశావు, ఉన్నారు. గేటువాడు నా చేతికర్ర చూసి, "ఇదేంటి అన్నా, నువ్వు కర్ర పట్టుకోవడమేంటి, పరంజా కర్రలే నిన్ను పట్టుకునేవి కదా" అన్నాడు. లోపలికి పంపాడు. వాడిని ఏమీ అనకు.

టెంటులో ఆ అమ్మాయి ఒక్కతే ఉంది. తాబేలు గొట్టం నడుముదాకా పాకి ఉంది. మా కాలంలో అక్కడ ఆగి నీళ్ళు తాగేవాళ్ళం. అది ఆగలేదు.

"ఎవరు కావాలి తాతా?" అంది.

"ఆ గొట్టం కావాలి."

"పాత ఇనుము కొంటావా? అదిగో, ఆయన్ని అడగాలి."

"కొననమ్మా. ఎక్కేవాడిని."

అప్పుడు తిరిగి చూసింది. కుర్చీ జరిపి కూర్చోమంది. చేతిలో పిల్లలు ఆడుకునే ఆటవస్తువు లాంటిది ఉంది, బొటనవేలితో అలా తోస్తే పైన ఆ బరువంతా కదులుతోంది. నువ్వు చెప్పిన చోటికల్లా పోతుందా అని అడిగాను. "మా ఆయన కంటే నయం, ఒక్కసారి చెబితే చాలు" అంది. మంచి పిల్ల. దాని మీద నాకు కోపం లేదు. మా పని పోయిందని ఏడవడానికి నేను రాలేదు. ఆ పని ఏం మిగిల్చిందో నాకు తెలుసు.

పై అరుగు ట్యాంకుల వైపు చూపించమన్నాను.

"అదా? మీ సారు చూసేశారుగా. ఆ రోజు తాబేలు తీసిన ఫోటో ముందు ఎంతసేపు నిలబడ్డారనుకున్నావు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు. తర్వాత అది రిపోర్టులో అక్కర్లేదు, తీసెయ్యమన్నారు."

"తీసేశావా?"

"పని ఒత్తిడిలో మరిచిపోయాను."

తీసి చూపించింది. పెద్దది చేసి చూపించింది. నాకు కళ్ళు సరిగా ఆనవు, నిజమే. కానీ నా కొడుకు వేసిన కొక్కెం ఆనదా? రెయిలింగుకి ఉంది. కొక్కెం నోటికి అడ్డంగా ఉండే నాలుక మూసి ఉంది. తుప్పు పట్టి రెయిలింగూ కొక్కెం ఒకటే అయిపోయాయి. దానికి జానెడు తాడు ముక్క, నల్లగా, బొగ్గులా బిగిసిపోయి వేలాడుతోంది. దాని మీద పచ్చగా నాచులాంటిదేదో పట్టింది. వేలు పెట్టి తడిమాను. "తాతా, తెర మీద మచ్చ పడుతుంది" అని, నా మొహం చూసి ఊరుకుంది. "ఎవరిది?" అంది. మావాడిదన్నాను. తన నీళ్ళ సీసా నా చేతిలో పెట్టింది. ఇంకేమీ అడగలేదు. నీలాంటివాడి దగ్గర పనిచేస్తూ అంత మర్యాద ఎక్కడ నేర్చుకుందో.

వేశాడురా. కొక్కెం వేశాడు నా కొడుకు. నువ్వు అబద్ధం రాశావు, అబద్ధం పాఠం చెప్పావు, మొన్న ఉత్తరంలో మళ్ళీ అబద్ధం ఆడావు.

రెయిలింగు ఊడలేదు. అదొక్కటే నాకు అంతు చిక్కలేదు. దారంతా ఆలోచించాను. తెగింది తాడు. ఆ వారమే స్టోరులో కొత్త బెల్టులు పంచారని గుర్తొచ్చింది. ఆ రోజు వాడిచేత నా బెల్టు విప్పించి స్టోరు బెల్టు కట్టించి ఉంటారు. నాసిరకం సరుకు. నేను మోకాలికి కట్టు కట్టుకుని ఇంట్లో పడున్నాను, ఉంటే కట్టనిచ్చేవాడినా? ఆ బెల్టులు కొన్నవాడిని కాపాడటానికి నువ్వు మేనల్లుణ్ణి తాకట్టు పెట్టావు. ఎవడు వాడు? నిజం రాయి. లేదంటే ఈసారి ఆ సేఫ్టీ క్లాసులో నేనే వచ్చి వెనక బెంచీ మీద కూర్చుంటాను.

ఉడత తండ్రి


ప్రియమైన బావగారికి,

మీరు చూసిన పచ్చ నాచు కాదు. చిలుము. రాగికి పట్టే చిలుము.

ఇక్కడితో ఆపేద్దామనుకున్నాను. కాగితం మడిచి కూడా పెట్టాను. కానీ మీరు ఎవరో ఒక స్టోరువాడి మీద పడతారు, వాడికీ పిల్లలుంటారు. అందుకని రాస్తున్నాను.

ఆ పొద్దున నేను నిచ్చెన మొదట్లోనే ఉన్నాను. వాడు పడ్డాక ముందు చేరింది నేనే. వాడి నడుము మీద ఉన్నది మీ బెల్టు. తాడు కొక్కెం నుంచి జానెడు కింద తెగింది. తెగిన కొన నా చేతిలోకి తీసుకుని చూశాను. పైకి గట్టిగా, నున్నగా ఉంది. లోపల పిండి. వేలితో నలిపితే పొడిగా రాలింది. మీ నాన్నగారూ మీరూ ఆ మంట పక్కన అన్నేళ్ళు దాన్ని కట్టుకుని నిలబడ్డారు. తాడు పైన కాలకుండా లోపల ఉడికిపోయింది. మీ తప్పు అనడం లేదు. చూస్తే ఎవరికీ తెలిసేది కాదు. కంపెనీ కొత్తవి ఇచ్చింది అందుకే, ఎందుకిస్తున్నామో ఒక్కడూ మీకు విప్పి చెప్పలేదు.

వాడి కొత్త బెల్టు నిచ్చెన పక్కన షెడ్డులో, వాడి పెట్టెలో ఉంది. కవరు కూడా చింపలేదు. మీరు కట్టింది విప్పడం వాడికి ఇష్టం లేదు.

ఎవరూ రాకముందే మీ బెల్టు విప్పాను. కొత్తది వాడికి కట్టాను. చిన్నప్పుడు బడికి పంపేటప్పుడు వాడి నిక్కరు బొత్తాలు పెట్టేవాడిని, అలాగే కట్టాను. ఇంకా వెచ్చగానే ఉన్నాడు. ఆఫీసర్లు వచ్చి చూసేసరికి కొత్త బెల్టు, కొత్త తాడు, ఎక్కడా వేయని కొక్కెం. వాళ్ళే ఆ మాట అన్నారు. నేను రాశాను.

తాడు తెగిందని రాస్తే ఎవరి తాడు అని అడుగుతారు. ఆ జవాబు మీ చెవిన పడుతుంది. నాకు అప్పుడు తోచింది అంతే.

ఆ సాయంత్రం అక్కకి చెప్పాను. ఆవిడకి చెప్పకుండా ఉండలేకపోయాను. అంతా వింది. తర్వాత, "ఆయనకి తెలిస్తే బతకడు. కొడుకూ లేక మొగుడూ లేక నేనేం చేసుకోను? వాడి మీదే వేయి. వాడేమీ అనుకోడు. వాడికి నాన్నంటే ప్రాణం" అంది. బెల్టు నా దగ్గర తీసుకుని సంచిలో పెట్టుకుంది. దాన్ని ఏం చేసిందో నేను అడగలేదు.

మిగిలిన బెల్టులు ఎందుకు కోయించానో ఇప్పుడు మీకే అర్థమవుతుంది. ఒక్కొక్కడినీ పిలిచి చెప్పాలంటే మీ పేరు చెప్పాలి. అందుకని గ్రైండరు పెట్టించాను. మీరు నన్ను తిట్టుకుంటారని తెలుసు. తిట్టుకుంటూనైనా ఉంటారు కదా అనుకున్నాను.

సోమవారం క్రేను వస్తుంది. గొట్టంతోపాటు ఆ కొక్కెం కూడా పాత ఇనుములో పోతుంది. పోనివ్వండి బావగారూ. ఇన్నాళ్ళు మోసింది నేను, ఇంకొన్నాళ్ళు మోస్తాను. మీరు అడుగు బయట పెట్టకండి. ఆదివారం నేనే బయలుదేరి వస్తున్నాను.

ఇట్లు,
మీ బావమరిది


ప్రియమైన బావమరిదికి,

ఈ మొదటి మాట రాసి చాలాసేపు చూశాను. ఉండనీలే.

నువ్వు రావద్దు. నీ మొహం చూస్తే నేను ఏడుస్తాను, నీ ముందు ఏడవడం నా వల్ల కాదు.

నీ ఉత్తరం కూడబలుక్కుని చదివాను. లోపల పిండి అన్నచోట ఆగిపోయాను. ఆ తాడు నేను ప్రతివారం లాగి చూసేవాడిని. నా బరువంతా వేసి లాగేవాడిని. తెగేది కాదు. నా కింద తెగలేదు. నా తర్వాత వాడి కింద తెగింది. దారి తెలిసిన బెల్టు అని నేనే కట్టాను. వాడు విప్పనన్నాడు కూడానా. నువ్వు ఆ మాట రాయకుండా ఉండాల్సింది.

వాడు పోయిన ఆ రోజుల్లోనే ఒకసారి నీళ్ళ పొయ్యిలో తోలు కాలిన వాసన వచ్చింది. ఏమిటే అది అంటే, పాత చెప్పు అంది. ఆ నీళ్ళే నాకు తోడింది. నేను స్నానం చేశాను.

అప్పటినుంచి నేను వేసిన ప్రతి ముడీ విప్పింది. ఇప్పుడు తెలిసింది ఎందుకో. నా చెయ్యి కట్టినదాని మీద ఆవిడకి చివరిదాకా భయమే. చేతగానిదానివని నేను ఆవిడ మీద అరిచాను, చుట్టాల ముందు కూడా అరిచాను. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, "నీ ముడే కదా కొంప ముంచింది" అనుంటే అయిపోయేది. అనలేదు. పొద్దున లేచి నాకు కాఫీ ఇచ్చేది.

నువ్వు క్షమించమని రాయలేదు, మంచిపని చేశావు. నా దగ్గర అది లేదు. నన్ను బతికించాలని నా కొడుకుని పద్నాలుగేళ్ళు గోడకి వేలాడదీశారు మీరిద్దరూ. మిమ్మల్ని ఎవరు అడిగారు? నన్నొక మాట అడిగారా, బతుకుతావా అని? వాడు పడ్డవాడే కాక తెలివితక్కువవాడు కూడా అయ్యాడు. బస్సుల్లో నవ్వులపాలయ్యాడు. దేనికి? ఈ ముసలివాడు దండెం కింద నిలబడి తడి బట్ట పట్టుకుని ఏడవడానికా?

ఇప్పుడు చెప్పేది చెయ్యి. నీ ఉద్యోగం ఇంకా ఉంది.

ఆ ఫోటో తియ్యొద్దు. అక్కడే ఉంచు. కింద మాట మార్చు. కొక్కెం వేసినవాడు అని రాయించు. పక్కన నా ఫోటో పెట్టు, దీనితో పంపుతున్నాను, టోపీ పెట్టుకుని ఉన్నది. కొడుక్కి పాత బెల్టు కట్టినవాడు అని రాయించు. ఆ క్లాసులో కూర్చునేవాళ్ళకి అది చెప్పు. కొక్కెం వేయడం వాళ్ళకి ఎలాగూ తెలుసు. నాన్న ఇచ్చాడని, తాత ఇచ్చాడని ఏం కట్టుకుని వస్తున్నారో ఒక్కొక్కడి నడుమూ చూసి మరీ చెప్పు. నా పేరు చెప్పడానికి జంకకు. ఆ ఎత్తున నిలబడ్డ పేరే, కింద నిలబడలేదా?

రెండోది. ఆ కొక్కెం పాత ఇనుములో పోకూడదు. తాబేలు తీసుకురాగలదా అని ఆ అమ్మాయిని ఆ రోజే అడిగాను. దానికి కన్ను ఉంది గానీ చేతులు లేవంది. ఎక్కి తెచ్చేవాళ్ళు ఇక లేరు, నా మోకాళ్ళు లేవు. అందుకని గొట్టం నేలకి దించాక రెయిలింగు ముక్కతో సహా కోయించు. కొక్కెం విప్పించొద్దు. నూనె వేసి, సుత్తి వేసి ఊడదీస్తామంటారు, ఒప్పుకోకు. వాడు వేసింది వేసినట్టే ఉండాలి.

మూడోది ఒక ప్రశ్న. మీ అక్క ఆఖరి రోజుల్లో ఆసుపత్రిలో నువ్వు పక్కనే ఉన్నావు. నన్ను మందులకని పంపించి మీరిద్దరూ మాట్లాడుకునేవాళ్ళు. నేను తలుపు తీస్తే ఆగిపోయేవాళ్ళు. నీ పెళ్ళాం గొడవేదో చెప్పుకుంటున్నావనుకున్నాను. ఆవిడ నా గురించి ఏమంది? నన్ను క్షమించే పోయిందా, లేక పోయినవాడు రాడు కాబట్టి ఉన్నవాడికి ఇంత వండిపడేసిందా? నన్ను బతికించడానికి ఇంకో అబద్ధం కట్టకు. అవునంటే అవును, కాదంటే కాదు. కాదన్నా సరే, నేను ఎక్కడికీ పోను, ఇక్కడే ఈ దండెం కింద కూర్చుంటాను.

సోమవారం క్రేను వచ్చేసరికి నేను గేటు దగ్గర నిలబడి ఉంటాను. ఆ జవాబు లేకుండా ఆ గొట్టం ఒరగడం నేను చూడలేను. శనివారం పోస్టు వేళకి నీ ఉత్తరం నా చేతిలో ఉండాలి.

ఇట్లు,
కొక్కెం వేసినవాడి తండ్రి